కొలైడర్ ప్రయోగానికి ట్రిగ్గర్ డిజైన్ చేయడం ఎలా: లెక్కల నుంచి మెనూ దాకా, మెనూ నుంచి ఎఫిషియెన్సీ దాకా

సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీ అనే కొలైడర్‌లో (పార్టికల్ బీమ్‌లని ఢీకొట్టించే మెషీన్) ప్రోటాన్ బంచ్‌లు, అంటే గుంపులు, 25 నానోసెకండ్లకోసారి ఎదురెదురుగా దాటుకుంటాయి. దాటిన ప్రతిసారీ డిటెక్టర్‌లో ఏదో ఒకటి జరుగుతుంది, కానీ పాతిక ముప్పై వేల క్రాసింగ్స్‌లో ఒక్కటి మాత్రమే డిస్క్ దాకా వెళ్తుంది, మిగతావన్నీ అక్కడికక్కడే పోతాయి, మళ్ళీ రావు. ఏది ఉంచాలి ఏది వదిలేయాలి అని అప్పటికప్పుడు తేల్చే సిస్టమే ట్రిగ్గర్. తర్వాత ఎవరెంత గొప్ప అనాలిసిస్ రాసినా ట్రిగ్గర్ వదిలేసిన ఈవెంట్‌ని వెనక్కి తేలేరు, అందుకే ఇక్కడ అల్గోరిథం ఎంత తెలివైనదన్న దానికంటే "మనం ఎంత పారేశామో మనకి తెలుసా" అన్నదే పెద్ద ప్రశ్న.

కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది నేరుగా అల్గోరిథంలోకి దూకేస్తారు, న్యూరల్ నెట్‌వర్క్ పెడదామా, ట్రాకింగ్ ఎలా చేద్దాం అని. నా అభిప్రాయంలో అది తలకిందుల పద్ధతి. ముందు బడ్జెట్ లెక్క వేసుకోండి, సగం నిర్ణయాలు ఆ లెక్కే తీసేసుకుంటుంది. ఉదాహరణలు ఎక్కువగా ఎల్‌హెచ్‌సీలోని రెండు పెద్ద ప్రయోగాలు సీఎంఎస్, అట్లాస్ నుంచి ఇస్తున్నా, వాటి పద్ధతి పట్టుబడితే వేరే కొలైడర్‌కి మార్చుకోవడం పెద్ద కష్టం కాదు.

స్టెప్ 1: రేట్ల లెక్క

పేపర్ మీద నాలుగు నంబర్లు రాసుకోండి. మెషీన్ ఎన్నిసార్లు ఢీకొట్టిస్తోంది, ఒక్కో ఈవెంట్ సైజెంత, సెకనుకి ఎంత డేటా రాయగలం, మనకి కావాల్సిన ఫిజిక్స్ సెకనుకి ఎన్నిసార్లు పుడుతుంది.

ఎల్‌హెచ్‌సీ రింగ్ చుట్టుకొలత 27 కిలోమీటర్లు, ఒక బంచ్ సెకనుకి 11,245 సార్లు చుట్టూ తిరుగుతుంది. రింగ్‌లో 25 నానోసెకండ్ల స్లాట్లు 3564 ఉంటాయి కానీ అన్నీ నింపరు, కొన్ని ఖాళీగా ఉంచాల్సిందే. సుమారు 2500 బంచ్‌లు ఢీకొంటున్నాయనుకుంటే సెకనుకి 2.8 కోట్ల క్రాసింగ్స్. అందరూ 40 మెగాహెర్ట్జ్ అంటారు, అది క్లాక్ రేటు, నిజంగా ఢీకొనే రేటు 30 మెగాహెర్ట్జ్‌కి దగ్గర్లో ఉంటుంది. కంప్యూటింగ్ ఎంత కావాలో లెక్కేసేటప్పుడు ఈ తేడా బాగా పనికొస్తుంది.

ఇప్పుడు ఇంటరాక్షన్లు. ప్రోటాన్-ప్రోటాన్ ఇనెలాస్టిక్ క్రాస్ సెక్షన్ (ఢీ జరిగే అవకాశానికి కొలత, బార్న్‌లలో చెప్తారు) 13 టీఈవీ ఎనర్జీ దగ్గర సుమారు 80 మిల్లీబార్న్. ల్యూమినాసిటీ (బీమ్‌లు ఎంత దట్టంగా ఢీకొంటున్నాయో చెప్పే నంబర్, చదరపు సెంటీమీటర్‌కి సెకనుకి లెక్క) 2 ఇంటూ 10 పవర్ 34 అయితే సెకనుకి 160 కోట్ల ఢీలు. దీన్ని 2.8 కోట్లతో భాగిస్తే ఒక్కో క్రాసింగ్‌కి 57, అంటే మనకి కావాల్సిన ఒక్క ఢీ మీద ఇంకో యాభై అరవై అనవసరమైనవి వచ్చి పడతాయి. దీన్నే పైలప్ అంటారు, ఈ పని చేసినన్నాళ్ళూ మిమ్మల్ని వదలదు.

మరి కావాల్సినవి ఎన్ని? హిగ్స్ మొత్తం క్రాస్ సెక్షన్ సుమారు 55 పికోబార్న్, అంటే అదే ల్యూమినాసిటీకి సెకనుకి ఒకటి. వినడానికి బాగానే ఉంది కదా, కానీ అందులో రెండు ఫోటాన్లుగా విరిగేవి వెయ్యికి రెండే. డబ్ల్యూ బోసాన్ పుట్టి మ్యూయాన్‌గా (ఎలక్ట్రాన్ లాంటిదే, కానీ బరువైన పార్టికల్) విరిగేవి సెకనుకి 400 దాకా. బాటమ్ క్వార్క్ జంటలైతే సెకనుకి కోటి దాకా పుడతాయి. ఈవెంట్ సైజు ఒక మెగాబైట్ అనుకుని సెకనుకి 1000 ఈవెంట్లు రాస్తే సెకనుకి ఒక గిగాబైట్, ఏడాదిలో 50 లక్షల సెకండ్లు బీమ్ ఉందనుకున్నా 5 పెటాబైట్లు. అన్నీ రాయాలంటే సెకనుకి 28 టెరాబైట్లు కావాలి.

ఈ నంబర్లు చూడగానే ఒక విషయం తెలిసిపోతుంది. డబ్ల్యూలు 400 దాకా ఉన్నాయి, మన కోటా 1000, అంటే తెలిసిన మంచి ఫిజిక్స్ ఒక్కటే కోటాలో సగం దాకా తినేయగలదు. కాబట్టి చెత్తని తీసేయడంతో పని అయిపోదు, మంచివాటిలో కూడా ఏది వదులుకోవాలో ఎంచుకోవాలి.

స్టెప్ 2: ఎన్ని లెవెల్స్, ఒక్కో లెవెల్‌కి ఎంత టైమ్

సీఎంఎస్, అట్లాస్ రెండూ రెండు లెవెల్స్‌తో నడుస్తాయి. లెవెల్-1 అంటే కస్టమ్ హార్డ్‌వేర్, ఎక్కువగా ఎఫ్‌పీజీఏలు (లాజిక్‌ని మనమే రాసి మార్చుకోగల చిప్‌లు), సెకనుకి 3 కోట్ల దాకా వచ్చే క్రాసింగ్స్‌ని దాదాపు లక్షకి దించుతుంది. తర్వాత హెచ్‌ఎల్‌టీ (హై లెవెల్ ట్రిగ్గర్), అంటే కంప్యూటర్ ఫార్మ్‌లో నడిచే సాఫ్ట్‌వేర్, ఆ లక్షని వెయ్యి, కొన్ని వేలకి దించుతుంది.

లెవెల్-1లో అన్నిటికంటే కఠినమైన రూల్ లేటెన్సీ, అంటే నిర్ణయం రావడానికి పట్టే టైమ్. డిటెక్టర్ మీద ఉన్న ఎలక్ట్రానిక్స్ ప్రతి క్రాసింగ్ డేటానీ ఒక పైప్‌లైన్ మెమరీలో పెట్టుకుని కూర్చుంటుంది, ఆ మెమరీ నిండిపోయేలోపు "ఉంచు" అన్న సిగ్నల్ రాకపోతే పాత డేటా మీద కొత్తది రాసేస్తుంది. అట్లాస్‌కి 2.5 మైక్రోసెకండ్లు, సీఎంఎస్‌కి దాదాపు 4 మైక్రోసెకండ్లు, అంటే 160 క్రాసింగ్స్. ఇది సగటు కాదు, కచ్చితమైన గడువు. ఒక్క ఈవెంట్‌కి కూడా ఒక్క క్లాక్ ఆలస్యం కాకూడదు. అందుకే ఇక్కడ మామూలు ప్రోగ్రామింగ్ అలవాట్లు పనిచేయవు, "ఎన్ని హిట్స్ ఉంటే అన్ని సార్లు తిరిగే లూప్" లాంటివి పెట్టలేం, ఎప్పుడూ ఒకే టైమ్ పట్టేలా అంతా పైప్‌లైన్‌గా రాయాలి.

ఆ 4 మైక్రోసెకండ్లలో మీ లాజిక్‌కి మిగిలేదెంతో చూడండి. ఫైబర్‌లో సిగ్నల్ మీటర్‌కి 5 నానోసెకండ్లు తీసుకుంటుంది, కౌంటింగ్ రూమ్‌కి కేబుల్ దారి 100 మీటర్లు అనుకుంటే వెళ్ళడానికి అర మైక్రోసెకండ్, నిర్ణయం వెనక్కి రావడానికి ఇంకో అర. సీఎంఎస్ డ్రిఫ్ట్ ట్యూబుల్లో ఎలక్ట్రాన్లు తీగ దాకా చేరడానికే దాదాపు 400 నానోసెకండ్లు. ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి డేటా పంపిన ప్రతిసారీ సీరియల్‌గా మార్చి మళ్ళీ విడదీయడానికి కొన్ని క్రాసింగ్స్ పోతాయి. ఇవన్నీ తీసేస్తే నిజంగా ఆలోచించడానికి మిగిలేది ఒకటి రెండు మైక్రోసెకండ్లే, అందుకే లేటెన్సీ టేబుల్‌ని మొదటి రోజే రాసి ప్రతి బ్లాక్‌కీ ఇన్ని క్లాక్‌లు అని పంచేయండి, కొంచెం రిజర్వ్ ఉంచుకోండి, ఎవరో ఒకరు తర్వాత తప్పకుండా అడుగుతారు.

డెడ్ టైమ్ (కొత్త ఈవెంట్ తీసుకోలేని టైమ్) సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఒక ఈవెంట్‌ని తీసుకున్నాక రీడౌట్‌కి కాస్త ఊపిరి కావాలి. సీఎంఎస్‌లో వరసగా వచ్చే మూడు క్రాసింగ్స్‌లో ఒకటికి మించి తీసుకోకూడదని ఒక రూల్ ఉంది. అంటే తీసుకున్న ప్రతి ఈవెంట్ తర్వాత రెండు క్రాసింగ్స్, 50 నానోసెకండ్లు, మూసేసినట్టే. లక్ష హెర్ట్జ్ దగ్గర ఇది 0.5 శాతం నష్టం, భరించొచ్చు. అదే రీడౌట్ 1 మైక్రోసెకండ్ పాటు మూసేసేలా డిజైన్ చేస్తే దాదాపు 10 శాతం పోతుంది. ఢీలు రాండమ్‌గా వస్తాయి కాబట్టి సగటు రేటు సరిపోతోంది కదా అని బఫర్ చిన్నది పెట్టకండి, ఒక్కోసారి గుంపుగా వస్తాయి, ఆ గుంపుని మింగడానికే బఫర్.

స్టెప్ 3: ఇది ఏ క్రాసింగ్‌దో తేల్చడం

దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. వెలుతురు 25 నానోసెకండ్లలో వెళ్ళేది 7.5 మీటర్లే. అట్లాస్ డిటెక్టర్ పొడవు 44 మీటర్లు, ఎత్తు 25. అంటే ఒక ఢీలో పుట్టిన మ్యూయాన్ ఇంకా బయటి చాంబర్లకి చేరకముందే లోపల తర్వాతి ఢీ జరిగిపోతుంది! ఒకే క్షణంలో డిటెక్టర్ లోపల రెండు మూడు క్రాసింగ్స్ తాలూకు పార్టికల్స్ వేర్వేరు చోట్ల ప్రయాణిస్తూ ఉంటాయి. పైగా అట్లాస్ లిక్విడ్ ఆర్గాన్ క్యాలరీమీటర్ (పార్టికల్స్ ఎనర్జీ కొలిచే భాగం) పల్స్ కొన్ని వందల నానోసెకండ్లు సాగుతుంది, కాబట్టి పల్స్ ఆకారం చూసి శిఖరం ఏ క్రాసింగ్‌లో ఉందో డిజిటల్ ఫిల్టర్‌తో తేల్చాలి.

తప్పితే ఏమవుతుంది? సీఎంఎస్‌లో 2016, 2017 డేటాలో ఇదే జరిగింది. ఎలక్ట్రోమాగ్నెటిక్ క్యాలరీమీటర్‌లో బీమ్ దిశకి దగ్గరగా ఉండే చివరి భాగంలో (ఎండ్‌క్యాప్) టైమింగ్ మెల్లగా జరిగిపోయి కొన్ని సిగ్నల్స్ ఒక క్రాసింగ్ ముందే వచ్చినట్టు లెవెల్-1కి కనిపించాయి. ట్రిగ్గర్ ముందు క్రాసింగ్‌ని, అంటే ఏమీ లేని క్రాసింగ్‌ని తీసుకుంది, పైన చెప్పిన మూడు క్రాసింగ్స్ రూల్ వల్ల అసలు ఈవెంట్‌ని తీసుకోవడానికి వీల్లేకుండా పోయింది. ఒక దగ్గర చిన్న టైమింగ్ జరుగుడు, ఇంకో దగ్గర న్యాయమైన రూల్, రెండూ కలిసి మంచి ఈవెంట్లని తినేశాయి, ఆ డేటాతో చేసిన అనాలిసిస్‌లు దీనికి కరెక్షన్ వెయిట్ పెట్టుకోవాల్సి వచ్చింది. కాబట్టి బీమ్ రాగానే మొదటి పని టైమింగ్ స్కాన్, తర్వాత రన్ నడిచినంత కాలం దాన్ని చూస్తూ ఉండటం.

ఎల్‌హెచ్‌సీ రింగ్‌లో బీమ్ డంప్ కోసం వదిలిన 3 మైక్రోసెకండ్ల ఖాళీ ఒకటి ఉంటుంది, లేజర్ క్యాలిబ్రేషన్ ట్రిగ్గర్లు అందులో పంపుకుంటే ఫిజిక్స్‌కి అడ్డం రావు. ఫ్రీగా వచ్చేది, వాడుకోండి.

స్టెప్ 4: లెవెల్-1లో ఆబ్జెక్ట్స్, త్రెషోల్డ్స్

లెవెల్-1 దగ్గర పూర్తి డేటా ఉండదు. క్యాలరీమీటర్ ముతక టవర్లు, మ్యూయాన్ చాంబర్ల హిట్స్, అంతే. ఇన్నర్ ట్రాకర్ డేటా ఆ టైమ్‌లో బయటికి తీయలేం. ఉన్నదాంతోనే ఎలక్ట్రాన్ లేదా ఫోటాన్, మ్యూయాన్, టావు, జెట్ (ఒకే వైపు గుత్తిగా దూసుకొచ్చే పార్టికల్స్), మిస్సింగ్ ఎనర్జీ (డిటెక్టర్‌కి కనపడకుండా పోయిన ఎనర్జీ) అని క్యాండిడేట్లు తయారు చేయాలి. ఎలక్ట్రాన్ అంటే చిన్న చోట కుదురుగా పడిన ఎనర్జీ, వెనక హేడ్రాన్ క్యాలరీమీటర్‌లో పెద్దగా ఏమీ లేకపోవడం, చుట్టూ ఖాళీగా ఉండటం, ఇలా.

త్రెషోల్డ్ ఎక్కడ పెట్టాలన్నది రెండు వైపుల నుంచి లాగే విషయం. ఫిజిక్స్ వైపు నుంచి చూడండి, డబ్ల్యూ మాస్ 80 జీఈవీ కాబట్టి దాన్నుంచి వచ్చే మ్యూయాన్ ట్రాన్స్‌వర్స్ మొమెంటమ్ (బీమ్‌కి అడ్డంగా ఉన్న మొమెంటమ్) 40 దగ్గర గుమిగూడుతుంది. త్రెషోల్డ్ 40 పైకి పోతే డబ్ల్యూలు, వాటితో పాటు టాప్ క్వార్క్‌లు, డబ్ల్యూతో కలిసి పుట్టే హిగ్స్‌లు చాలా భాగం పోయినట్టే. అందుకే రెండు ప్రయోగాలూ సింగిల్ మ్యూయాన్‌ని 24, 26 జీఈవీ దగ్గర పట్టుకుని వేలాడుతున్నాయి, ల్యూమినాసిటీ పెరిగిన ప్రతిసారీ హార్డ్‌వేర్ మార్చి అయినా సరే ఆ నంబర్‌ని పెద్దగా కదలనివ్వలేదు.

రేటు వైపు నుంచి చూస్తే ఇంకో కథ. మ్యూయాన్ల సంఖ్య మొమెంటమ్ పెరిగేకొద్దీ చాలా వేగంగా పడిపోతుంది. లెవెల్-1 మొమెంటమ్‌ని ముతకగా కొలుస్తుంది కాబట్టి 10 జీఈవీ మ్యూయాన్లలో కొద్ది శాతాన్ని 22 అని తప్పుగా కొలిచినా, అవి లెక్కలో అంత ఎక్కువ కాబట్టి, నిజమైన 22 కంటే ఈ దొంగ 22లే ఎక్కువైపోతాయి. అంటే రేటు తగ్గించాలంటే త్రెషోల్డ్ పెంచడం ఒక్కటే దారి కాదు, కొలత మెరుగుపరిస్తే అదే త్రెషోల్డ్ దగ్గర రేటు పడిపోతుంది. నా ఓటు ఎప్పుడూ రెండోదానికే.

జెట్స్‌కి ఒక చిన్న లెక్క: రేటు త్రెషోల్డ్‌కి ఐదో పవర్‌లా పడుతుందనుకుంటే త్రెషోల్డ్ 10 శాతం పెంచితే రేటు 38 శాతం తగ్గుతుంది. ఇదే లెక్క తిరగేస్తే, క్యాలరీమీటర్ స్కేల్ 10 శాతం ఎక్కువ చూపిస్తే రేటు 60 శాతం పెరుగుతుంది. క్యాలిబ్రేషన్ ఎంత సున్నితమో చూడండి.

మిస్సింగ్ ఎనర్జీ మాత్రం వేరే రకం. అది డిటెక్టర్ మొత్తం మీద కూడిక కాబట్టి ఎక్కడ నాయిస్ వచ్చినా, ఒక్క సెల్ పిచ్చెక్కినా, పైలప్ పెరిగినా ముందు దీని రేటే ఎగిరిపోతుంది. మెనూలో మొదట అల్లరి చేసేది ఇదే.

హెచ్‌ఎల్-ఎల్‌హెచ్‌సీలో (ల్యూమినాసిటీ పెంచిన ఎల్‌హెచ్‌సీ తర్వాతి దశ) పైలప్ 140 నుంచి 200 దాకా పోతుంది, ఈ ముతక సమాచారంతో ఇక నెట్టుకురాలేం. అందుకే సీఎంఎస్ కొత్త ట్రాకర్‌లో కొన్ని మిల్లీమీటర్ల దూరంలో రెండు సెన్సర్లు జంటగా పెడుతున్నారు, 3.8 టెస్లా ఫీల్డ్‌లో ట్రాక్ ఎంత వంగిందో ఆ జంట హిట్స్ మధ్య తేడాతోనే తెలుస్తుంది, 2 జీఈవీ కంటే తక్కువవాటిని మాడ్యూల్ లోపలే వదిలేసి మిగతావి లెవెల్-1కి పంపుతారు. లేటెన్సీ 12.5 మైక్రోసెకండ్లకి, లెవెల్-1 రేటు 750 కిలోహెర్ట్జ్‌కి పెంచుతున్నారు. ట్రాక్‌లతో ట్రిగ్గర్ అన్న ఆలోచన మాత్రం పాతదే, అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో సీడీఎఫ్ ప్రయోగం వాళ్ళు 2001లో మొదలైన రన్‌లోనే సిలికాన్ హిట్స్‌ని ముందే దాచుకున్న ప్యాటర్న్‌లతో పోల్చి, ఢీ జరిగిన చోటు నుంచి కాస్త పక్కకి జరిగిన ట్రాక్‌లని పట్టుకునేవాళ్ళు.

స్టెప్ 5: మెనూ

మెనూ అంటే "ఇది ఉంటే తీసుకో, లేదా అది ఉంటే తీసుకో" అన్న షరతుల లిస్ట్, వందల కొద్దీ ఉంటాయి. ఏ ఒక్కటి నిజమైనా ఈవెంట్ దాటుతుంది.

మొదట సింగిల్ ఆబ్జెక్ట్ ట్రిగ్గర్లు పెట్టుకోండి, అవి చాలా అనాలిసిస్‌లకి ఒకేసారి పనికొస్తాయి, అర్థం చేసుకోవడం కూడా తేలిక. తర్వాత రెండేసి ఆబ్జెక్ట్స్, అక్కడ త్రెషోల్డ్స్ బాగా దించొచ్చు ఎందుకంటే ఒకే క్రాసింగ్‌లో రెండు మంచి మ్యూయాన్లు యాదృచ్ఛికంగా కనపడటం అరుదు, పైలప్ పెరిగేకొద్దీ ఈ యాదృచ్ఛికం కూడా పెరుగుతుందనుకోండి, అది వేరే సంగతి. ఆ తర్వాతే ఒక్కో అనాలిసిస్ కోసం ప్రత్యేకంగా చేసినవి.

ప్రతి ట్రిగ్గర్‌కీ రెండు నంబర్లు అడగండి: మొత్తం రేటు ఎంత, ఇది తీసేస్తే మెనూ రేటు ఎంత తగ్గుతుంది. రెండోదాన్ని యూనీక్ రేటు అంటారు, బేరం ఆడాల్సింది దాని మీదే. 50 హెర్ట్జ్ ట్రిగ్గర్‌లో 45 హెర్ట్జ్ ఇప్పటికే వేరేవి తీసుకుంటున్నాయంటే దాని అసలు ఖరీదు 5 హెర్ట్జే, అదే 20 హెర్ట్జ్ ట్రిగ్గర్ పూర్తిగా యూనీక్ అయితే అదే ఖరీదైనది. మీటింగుల్లో గొడవలు చాలావరకు ఈ రెండు నంబర్లని కలిపేసి మాట్లాడటం వల్లే వస్తాయి.

ప్రీస్కేల్ అంటే దాటినవాటిలో N లో ఒకటే తీసుకోవడం. తక్కువ త్రెషోల్డ్ జెట్స్‌కి ఇది తప్పదు. ఫిల్ (రింగ్‌ని ఒకసారి నింపాక బీమ్ నడిచే కాలం) మొదట్లో ల్యూమినాసిటీ ఎక్కువ, గంటలు గడిచేకొద్దీ తగ్గుతుంది, కాబట్టి ప్రీస్కేల్స్‌ని కాలమ్స్‌గా ముందే తయారు చేసి పెట్టుకుని ల్యూమినాసిటీ దిగినప్పుడల్లా పక్క కాలమ్‌కి మారుతూ ఖాళీ అయిన రేటుని వాడుకుంటారు. మార్పు ఎప్పుడైనా చేయొచ్చని కాదు, ల్యూమినాసిటీని లెక్కేసే చిన్న చిన్న కాలఖండాల సరిహద్దులోనే చేయాలి, సీఎంఎస్‌లో అది సుమారు 23 సెకండ్లు, లేకపోతే ఏ ప్రీస్కేల్‌తో ఎంత డేటా తీశామో లెక్క తేలదు.

రేట్ల అంచనాకి సిమ్యులేషన్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఏ షరతూ లేకుండా తీసిన జీరో బయాస్ డేటా మీద కొత్త మెనూని మళ్ళీ నడిపి చూడండి. అందులో అరుదైనవి తక్కువ పడతాయి కాబట్టి పెద్ద ఎనర్జీ ఈవెంట్లని కావాలని ఎక్కువ తీసుకుని వెయిట్ ఇచ్చిన శాంపిల్ ఇంకోటి పక్కన పెట్టుకోవాలి.

ఇంకోటి, మెనూలో కనీసం కొంత శాతం కంట్రోల్ ట్రిగ్గర్లకి ఖచ్చితంగా కేటాయించండి. ఎవరూ అడగరు, వాటితో పేపర్ రాయరు, కోటా తగ్గించాల్సి వస్తే ముందు వీటి మీదే కన్ను పడుతుంది, కానీ అవి లేకపోతే స్టెప్ 7 అసలు సాధ్యం కాదు.

స్టెప్ 6: హెచ్‌ఎల్‌టీ

ఇక్కడ పూర్తి డేటా దొరుకుతుంది, గడువు కూడా మెత్తబడుతుంది, సగటు టైమ్ సరిపోతే చాలు. లెక్క చాలా సింపుల్: కోర్‌ల సంఖ్య అంటే వచ్చే రేటు ఇంటూ సగటు టైమ్. లక్ష హెర్ట్జ్, ఈవెంట్‌కి 300 మిల్లీసెకండ్లు అంటే 30,000 కోర్‌లు.

టైమ్ తగ్గించే కిటుకు, చవకైన పరీక్షలు ముందు పెట్టడం. ఒక ఊహా ఉదాహరణ: క్యాలరీమీటర్ పరీక్ష అందరికీ 10 మిల్లీసెకండ్లు, దాటిన 20 శాతానికి లోకల్ ట్రాకింగ్ 300, మొత్తంలో చివరికి మిగిలిన 5 శాతానికి పూర్తి రీకన్‌స్ట్రక్షన్ 2 సెకండ్లు. సగటు 10 ప్లస్ 60 ప్లస్ 100, అంటే 170 మిల్లీసెకండ్లు. 17,000 కోర్‌లు చాలు. అదే పూర్తి రీకన్‌స్ట్రక్షన్ అందరికీ నడిపితే రెండు లక్షల కోర్‌లు. లెవెల్-1 ఎక్కడ ఏదో చూశానని చెప్పిందో ఆ చుట్టుపక్కల డేటా మాత్రమే తెరవడం ఇంకో పొదుపు.

కోడ్ మాత్రం వీలైనంత వరకు ఆఫ్‌లైన్‌లో, అంటే డేటా రాశాక చేసే అనాలిసిస్‌లో, వాడేదే వాడండి. ఆన్‌లైన్‌లో ఐసొలేషన్ (పార్టికల్ చుట్టూ ఎంత ఖాళీగా ఉందన్న కొలత) ఒకలా, ఆఫ్‌లైన్‌లో ఇంకోలా లెక్కేస్తే త్రెషోల్డ్ దగ్గర రెండూ ఒప్పుకోని ఈవెంట్లన్నీ నష్టమే.

కొన్ని ఈవెంట్లు విపరీతంగా టైమ్ తీసుకుంటాయి, కొన్ని ప్రోగ్రామ్‌నే క్రాష్ చేస్తాయి. టైమ్ అవుట్ అయిందని వాటిని పారేయకూడదు, పక్కన వేరే స్ట్రీమ్‌లో పెట్టి తర్వాత చూడాలి, ఎందుకంటే వింతైన ఈవెంట్లే వింతగా టైమ్ తీసుకుంటాయి, మనం వెతుకుతున్నది వింతలనే కదా. జీపీయూలు కూడా ఇప్పుడు మామూలైపోయాయి, సీఎంఎస్ 2022 నుంచి హెచ్‌ఎల్‌టీలో ట్రాకింగ్, క్యాలరీమీటర్ పనులు కొన్ని వాటికి ఇచ్చింది.

స్టెప్ 7: ఎంత పోయిందో కొలవడం

మొత్తం గైడ్‌లో ఒక్కటే చదువుతానంటే ఇది చదవండి.

ట్రిగ్గర్ ఎఫిషియెన్సీ అంటే, ఆఫ్‌లైన్‌లో మంచిదని ఒప్పుకున్న ఆబ్జెక్ట్స్‌లో ఎన్నిటిని ట్రిగ్గర్ పట్టుకుంది అని. చిక్కెక్కడంటే పట్టుకోనివి డేటాలోనే లేవు! దీనికి ట్యాగ్ అండ్ ప్రోబ్ అన్నది పాత, గట్టి పద్ధతి. జెడ్ బోసాన్ రెండు మ్యూయాన్లుగా విరుగుతుంది, దాని మాస్ 91.2 జీఈవీ అని బాగా తెలుసు. సింగిల్ మ్యూయాన్ ట్రిగ్గర్‌ని ఒక మ్యూయాన్ దాటిస్తే చాలు, ఈవెంట్ డిస్క్ మీదకి వచ్చేస్తుంది. ఆ దాటించినది ట్యాగ్. రెండోది ప్రోబ్, దాని మీద ట్రిగ్గర్ ఏ షరతూ పెట్టలేదు, కాబట్టి అది కూడా దాటిందా లేదా అని నిజాయితీగా అడగొచ్చు. రెండిటి మాస్ 91 చుట్టూ ఉంటే రెండూ నిజం మ్యూయాన్లే అని నమ్మకం. రెండూ ట్యాగ్ అర్హత ఉన్నవైతే రెండు వైపులా లెక్కించాలి, ఒకవైపే తీసుకుంటే, అందులోనూ ఎక్కువ మొమెంటమ్ ఉన్నదాన్నే ఎప్పుడూ ట్యాగ్‌గా తీసుకుంటే, ఎఫిషియెన్సీ పక్కకి జరిగిపోతుంది.

ప్రోబ్ మొమెంటమ్‌ని బట్టి ఎఫిషియెన్సీ గీస్తే కింద సున్నా నుంచి మొదలై త్రెషోల్డ్ దగ్గర లేచి పైన చదునుగా మారుతుంది, ఇదే టర్న్-ఆన్ కర్వ్. చదును 100 శాతం కాకపోవచ్చు, చాంబర్ల మధ్య ఖాళీల వల్ల కొంత ఎప్పుడూ పోతుంది. అనాలిసిస్ కట్‌ని చదును మొదలైన తర్వాతే పెట్టుకోమని చెప్పండి, 24 ట్రిగ్గర్‌కి 26 లాగా. లేచే భాగంలో కట్ పెడితే మొమెంటమ్ స్కేల్‌లో చిన్న తేడా కూడా ఫలితం మీద పడుతుంది. ఎఫిషియెన్సీ 100 శాతం దగ్గర్లో ఉన్నప్పుడు మామూలు స్క్వేర్ రూట్ ఎర్రర్ వాడకండి, వంద దాటిపోయే ఎర్రర్ బార్లు వస్తాయి, క్లాపర్-పియర్సన్ లాంటి ఇంటర్వెల్ వాడండి.

జెడ్ దొరకని చోట వేరే స్వతంత్ర ట్రిగ్గర్‌తో తీసిన డేటా వాడాలి. మిస్సింగ్ ఎనర్జీకి ఒక అందమైన దారి ఉంది: మ్యూయాన్ క్యాలరీమీటర్‌లో దాదాపు ఏమీ వదలదు, కాబట్టి క్యాలరీమీటర్ మాత్రమే చూసే ట్రిగ్గర్‌కి డబ్ల్యూ నుంచి వచ్చిన మ్యూయాన్ కూడా న్యూట్రినో లాగే మాయమైనట్టు కనిపిస్తుంది. మ్యూయాన్ ట్రిగ్గర్‌తో తీసిన అవే ఈవెంట్లతో మిస్సింగ్ ఎనర్జీ ట్రిగ్గర్‌ని కొలిచేయొచ్చు. జెట్స్‌కైతే మెట్ల పద్ధతి, తక్కువ త్రెషోల్డ్ ప్రీస్కేల్ ట్రిగ్గర్‌తో పై త్రెషోల్డ్‌ని కొలుస్తూ పోవడం.

రెండు లెప్టాన్లు (ఎలక్ట్రాన్, మ్యూయాన్ లాంటివి) ఉండి ఏ ఒక్కటి దాటించినా చాలన్నప్పుడు, ఒక్కోదానికి 90 శాతం అయితే ఈవెంట్‌కి 99 శాతం. కానీ ఇది రెండూ స్వతంత్రమైతేనే, దగ్గర దగ్గరగా ఉన్న రెండు మ్యూయాన్లని లెవెల్-1 ఒకటిగా చూసే చోట ఈ లెక్క పనికిరాదు.

స్టెప్ 8: రన్ నడుస్తున్నప్పుడు

కంట్రోల్ రూమ్‌లో రేటు కంటే రేటు బై ల్యూమినాసిటీ చూడండి. నిజమైన ఫిజిక్స్ అయితే ఈ భాగహారం చదునుగా ఉండాలి, పైలప్‌తో పాటు వంగి పైకి పోతోందంటే దొంగ క్యాండిడేట్లు వస్తున్నాయని అర్థం. మెట్టులా ఎగిరితే హార్డ్‌వేర్. మెల్లగా పాకితే క్యాలిబ్రేషన్. ఒకే కోణం దగ్గర గుత్తిగా పడితే ఒక నాయిసీ చానల్, దాన్ని మాస్క్ చేసి లాగ్‌లో రాయండి. రాయకుండా మాస్క్ చేస్తే తర్వాత సిమ్యులేషన్‌కీ డేటాకీ ఎందుకు కుదరట్లేదో కనుక్కోవడానికి ఎవరికో నెలలు పడుతుంది.

స్టెప్ 9: ఇలా కాకుండా ఇంకోలా

పైన చెప్పినదంతా "అరుదైనది వెతకాలి" అన్నప్పుడు. సిగ్నల్ అరుదు కానప్పుడు ఈ డిజైన్ పనిచేయదు. ఎల్‌హెచ్‌సీలోనే ఇంకో ప్రయోగం ఎల్‌హెచ్‌సీబీకి కావాల్సింది బాటమ్, చార్మ్ హేడ్రాన్లు, అవి ముందే చూశాం కదా, కుప్పలు తెప్పలు. పాత హార్డ్‌వేర్ ట్రిగ్గర్ ఎనర్జీ త్రెషోల్డ్స్‌తో 1 మెగాహెర్ట్జ్‌కి దించేది, ల్యూమినాసిటీ పెంచితే త్రెషోల్డ్ కూడా పెంచాల్సి వచ్చి హేడ్రాన్ డికేలు దాదాపు అంతే దొరికేవి, లాభం లేదు. అందుకే రన్ 3 (ఎల్‌హెచ్‌సీ మూడో డేటా దశ) కోసం హార్డ్‌వేర్ లెవెల్‌ని మొత్తం పీకేసి, డిటెక్టర్‌ని 30 మెగాహెర్ట్జ్ దగ్గర పూర్తిగా చదివి, మొదటి స్టేజ్ ట్రాకింగ్‌ని అలెన్ అన్న సాఫ్ట్‌వేర్‌తో జీపీయూల మీద నడుపుతున్నారు. సెకనుకి దాదాపు 4 టెరాబైట్లు లోపలికి వస్తాయి. ఎల్‌హెచ్‌సీలో నాలుగో ప్రయోగం ఆలిస్ ఇంకోలా వెళ్ళింది, సీసం అయాన్ల ఢీలని 50 కిలోహెర్ట్జ్ దాకా ట్రిగ్గర్ లేకుండా నిరంతరంగా చదివి, పారేయడానికి బదులు కంప్రెస్ చేస్తుంది.

రేటు కాదు, బ్యాండ్‌విడ్తే అసలు పరిమితి అని అర్థమైతే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. ఈవెంట్ మొత్తం కాకుండా హెచ్‌ఎల్‌టీ లెక్కేసిన జెట్స్, మ్యూయాన్లు మాత్రమే రాసుకుంటే సైజు కొన్ని కిలోబైట్లే, అప్పుడు అదే బ్యాండ్‌విడ్త్‌లో ఎన్నో రెట్లు ఎక్కువ ఈవెంట్లు రాయొచ్చు. సీఎంఎస్‌లో దీన్ని స్కౌటింగ్ అంటారు, 2011 నుంచి ఉంది, ఎల్‌హెచ్‌సీబీలో టర్బో. షరతు ఏంటంటే అసలు డేటా ఉండదు కాబట్టి క్యాలిబ్రేషన్ అప్పటికే సరిగ్గా ఉండాలి. దీనికి ఎదురు పద్ధతి పార్కింగ్, పూర్తి డేటా రాసి పక్కన పెట్టేసి కంప్యూటర్లు ఖాళీ అయ్యాక ప్రాసెస్ చేయడం. సీఎంఎస్ 2018లో ఇలా వెయ్యి కోట్లకి పైగా బాటమ్ ఎక్కువున్న ఈవెంట్లని దాచింది.

న్యూరల్ నెట్‌వర్క్‌లు ఇప్పుడు లెవెల్-1లోకి కూడా వచ్చాయి. హెచ్‌ఎల్‌ఎస్4ఎంఎల్ లాంటి టూల్‌తో నెట్‌వర్క్‌ని తక్కువ బిట్లకి కుదించి ఎఫ్‌పీజీఏలో పెట్టొచ్చు, సీఎంఎస్ 2024లో మామూలుగా లేని ఈవెంట్లని పట్టే ఆటోఎన్‌కోడర్ ట్రిగ్గర్‌తో డేటా తీసింది. మంచి ఆలోచనే, మెనూలో మనం ఊహించనివి దొరకడానికి ఇదొక దారి. కానీ "మామూలుగా లేదు" అన్నదానికి టర్న్-ఆన్ కర్వ్ ఏ అక్షం మీద గీస్తారు అని అడగండి. జవాబు దొరికే దాకా దాన్ని మామూలు ట్రిగ్గర్లకి తోడుగా పెట్టాలి కానీ బదులుగా కాదు.

చేతులు పెట్టి నేర్చుకోవాలంటే

సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో సీఎంఎస్ 2016 డేటా నానోఏఓడీ ఫార్మాట్‌లో ఉంది, ఎవరైనా దింపుకోవచ్చు. సింగిల్ మ్యూయాన్ డేటాసెట్ ఒక ఫైల్ చాలు. రెండు టైట్ మ్యూయాన్లు, వ్యతిరేక చార్జ్, మాస్ 81 నుంచి 101 మధ్య ఉన్న ఈవెంట్లు ఎంచుకోండి. ప్రతి ట్రిగ్గర్‌కీ దాటిందా లేదా అన్న ఫ్లాగ్ ఉంటుంది కానీ అది ఈవెంట్‌కి చెందింది, ఏ మ్యూయాన్ దాటించిందో చెప్పదు, అందుకని ట్రిగ్గర్ ఆబ్జెక్ట్స్ లిస్ట్ తెరిచి కోణంలో 0.1 లోపు దగ్గరగా ఉన్నదాన్ని మీ మ్యూయాన్‌కి జత చేయాలి. ట్యాగ్‌కి జత దొరికిన ఈవెంట్లలో ప్రోబ్‌కి కూడా దొరికిందా అని లెక్కించి, 24 చుట్టూ ఒక్కో జీఈవీ బిన్‌లు పెట్టి గీయండి. తర్వాత అదే కర్వ్‌ని డిటెక్టర్ మధ్య భాగానికీ చివరి భాగాలకీ విడివిడిగా గీయండి, రెండూ ఒకేలా ఉండవు, ఎక్కడెక్కడ తేడా వచ్చిందో చూసి మ్యూయాన్ చాంబర్ల డ్రాయింగ్ పక్కన పెట్టుకుంటే కారణాలు చాలావరకు అక్కడే కనిపిస్తాయి.